బైపాస్‌కి ముందు బెలూన్ పంప్ వేస్తామంటున్నారు, సంతకం పెట్టాలా?

వానకోయిల · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా నాన్నకి 66 ఏళ్లు. గురువారం గుండెపోటు వచ్చింది. యాంజియోగ్రామ్‌లో లెఫ్ట్ మెయిన్ (గుండె ఎడమవైపుకి రక్తమిచ్చే ప్రధాన నాళం) 80 శాతం మూసుకుపోయిందని, మిగతా నాళాల్లోనూ బ్లాకులున్నాయని తేలింది. ఈఎఫ్, అంటే ప్రతి చప్పుడుకీ గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో ఆ అంకె, 28. స్టెంట్లతో అయ్యే పని కాదు, బైపాసే చేయాలన్నారు. కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ మాత్ర శనివారం దాకా ఇచ్చారు. ఇప్పుడే కోస్తే రక్తం ఆగదు కాబట్టి బుధవారం దాకా ఆగుదామంటున్నారు. ఈలోగా నాన్నకి కదలకుండా పడుకున్నా నొప్పి వస్తోంది. నిన్న రాత్రి రెండుసార్లు, ఇవాళ పొద్దున ఒకసారి.

ఇప్పుడు తొడ దగ్గర్నుంచి బెలూన్ పంప్ వేస్తామని సంతకం అడుగుతున్నారు. మా బాబాయి కొడుకు ఫోన్‌లో ఏదో చదివి "ఆపరేషన్‌కి ముందు ఆ పంప్ పెట్టినవాళ్లే ఎక్కువమంది పోతున్నారట" అన్నాడు. అది విన్నప్పటి నుంచి అమ్మ ఏడుస్తోంది. అది వేస్తే నాన్న బతికే అవకాశం పెరుగుతుందా తగ్గుతుందా, ఎవరైనా చెప్పండి.

గుండెగది · సోమవారం, రాత్రి 9:41

వానకోయిల గారూ, నేను గుండె సర్జరీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి సంతకం పెట్టండనో వద్దనో చెప్పను. ఆ పంప్ ఏం చేస్తుందో మాత్రం చెప్తాను.

ఒంట్లో మిగతా భాగాలకి గుండె ముడుచుకున్నప్పుడు రక్తం అందుతుంది. గుండె కండరం సంగతి తిరగబడి ఉంటుంది. ఎడమవైపు గదికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే, ఎందుకంటే ముడుచుకున్నప్పుడు ఆ కండరమే తన లోపలి నాళాలను నొక్కేస్తుంది. బెలూన్‌ని తొడ ధమని గుండా పైకి పంపి, ఛాతీలో కిందికి దిగే మహాధమనిలో ఉంచుతారు. గుండె సడలగానే బెలూన్ ఉబ్బుతుంది, రక్తం వెనక్కి గుండె నాళాల వైపు నెట్టుకుపోతుంది. గుండె మళ్లీ ముడుచుకోబోయే క్షణానికి బెలూన్ చప్పున ముడుచుకుంటుంది. అక్కడ ఖాళీ ఏర్పడి గుండెకి నెట్టే బరువు తగ్గుతుంది. అంటే కండరానికి తిండి పెరిగి, చాకిరీ తగ్గుతుంది.

అది గుండెకి బదులు పనిచేయదు. నిమిషానికి అర లీటరు, మహా అయితే లీటరు రక్తం అదనంగా వెళ్తుంది, అంతే. లెఫ్ట్ మెయిన్ బ్లాకుతో పడుకున్నా నొప్పి వస్తున్న మనిషికి ఆ కాస్తే పెద్ద తేడా కావచ్చు.

కొన్ని అడగాలి. బీపీ ఎంత ఉంది? మూత్రం సరిగ్గా వస్తోందా? లాక్టేట్ (ఒంటికి రక్తం చాలకపోతే పెరిగే అంకె) ఎంతో చెప్పారా? మహాధమని కవాటం లీక్ అవుతోందని ఎకోలో ఏమైనా రాశారా? ఆ లీక్ బాగా ఉంటే ఈ బెలూన్ వేయకూడదు.

వానకోయిల · సోమవారం, రాత్రి 9:58

బీపీ 104/66. మూత్రం వస్తోంది. లాక్టేట్ 1.6 అని ఫైల్లో ఉంది. ఎకోలో కవాటాల గురించి "తేలికపాటి మైట్రల్ లీక్" అని మాత్రమే ఉంది.

కొండగాలి · సోమవారం, రాత్రి 10:20

అమ్మా, భయపెట్టాలని కాదు, కానీ ఎవరో ఒకరు చెప్పాలి. మా పెదనాన్నకి ఇదే బెలూన్ వేశారు, ఏ ఆసుపత్రో చెప్పను. రెండో రోజుకి కాలు చల్లబడింది. "దుప్పటి కప్పండి" అన్నారు. దుప్పటి కప్పాం. మూడో రోజు పాదం నల్లబడ్డాక డాక్టర్ పరిగెత్తుకొచ్చాడు. గుండె బతికింది, మోకాలి కింద కాలు పోయింది. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఈ విషయం ఉందట, చిన్న అక్షరాల్లో. మాకెవరూ చదివి చెప్పలేదు.

నైట్‌డ్యూటీ · సోమవారం, రాత్రి 11:05

కొండగాలి గారూ, చదువుతుంటే కడుపులో దేవినట్టైంది. కాలు చల్లబడితే కప్పాల్సింది దుప్పటి కాదు, పిలవాల్సింది డాక్టర్ని. నేను కార్డియాక్ ఐసీయూలో నర్సుని, పదకొండేళ్లుగా ఈ మెషీన్ పక్కన నైట్ డ్యూటీలు చేస్తున్నాను.

వానకోయిలా, మీరు అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. బెలూన్ వేస్తే మాత్రం మీరేం చూడాలో చెప్తాను, ఎందుకంటే విజిటింగ్ టైమ్‌లో ఇంటివాళ్ల కన్ను ఒక్కోసారి మా కన్నా ముందు పడుతుంది.

బెలూన్ వేసిన కాలి పాదం పట్టుకుని చూడండి, రెండో పాదంతో పోల్చండి. చల్లగా ఉన్నా, రంగు మారినా, వేళ్లు కదపలేకపోతున్నా, నొప్పంటున్నా అప్పటికప్పుడు చెప్పండి. "ఇందాకే చూశాం" అంటే మళ్లీ చూడమనండి, మొహమాటపడొద్దు. ఎడమ చెయ్యి కూడా చూడండి. బెలూన్ కాస్త పైకి జరిగితే ఎడమ చేతికి వెళ్లే ధమనిని అడ్డుకుంటుంది. మరీ కిందికి జారితే కిడ్నీల నాళాలకి అడ్డం పడి మూత్రం తగ్గిపోతుంది. అందుకే రోజూ ఎక్స్‌రే తీస్తారు, గంటగంటకీ మూత్రం కొలుస్తారు.

ఆ కాలు మడవకూడదు. తలవైపు మంచం కూడా 30 డిగ్రీల కన్నా ఎత్తరు. మీ నాన్నకి అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఇదే, రాసిపెట్టుకోండి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రిపోర్ట్‌లో ఆ అంకె రోజూ అడగండి.

పంపుమనిషి · సోమవారం, రాత్రి 11:32

నైట్‌డ్యూటీ అక్క చెప్పిన ఎడమ చెయ్యి ముచ్చటకి ఒకటి కలుపుతాను. నేను పెర్‌ఫ్యూజనిస్టుని, ఆపరేషన్ థియేటర్లో గుండె-ఊపిరితిత్తుల మెషీన్ నడిపే మనిషిని. బైపాస్‌లో గుండె ముందు గోడకి రక్తమిచ్చే నాళానికి సాధారణంగా అతికించేది రొమ్ము ఎముక వెనకుండే ఎడమ మామరీ ధమనిని. అది పుట్టేది ఎడమ చేతికి వెళ్లే ఆ ధమని నుంచే. బెలూన్ అక్కడ అడ్డం పడితే చెయ్యొక్కటే కాదు, రేపు గుండెకి అతికించబోయే గొట్టం కూడా ఎండుతుంది. అందుకే చివర ఎక్కడుందో అంత పట్టుగా చూస్తాం.

బెలూన్లో ఏముంటుందని చాలామంది అడుగుతారు. హీలియం. మనిషి పొడుగుని బట్టి 30, 40, 50 మిల్లీలీటర్ల బెలూన్లుంటాయి. ప్రతి గుండెచప్పుడుకీ అంత వాయువు సన్నటి గొట్టంలోంచి లోపలికీ బయటికీ పోయి రావాలి, గుండె నిమిషానికి 110 సార్లు కొట్టుకుంటున్నా సరే. బరువైన వాయువు అంత చురుగ్గా కదలదు. కార్బన్ డయాక్సైడ్ అయితే బెలూన్ చిరిగినా రక్తంలో సులువుగా కరిగిపోతుంది, కానీ అది మందకొడి. హీలియం చురుకు, కానీ లీకైతే ప్రమాదం. చురుకుకే ఓటేశారు. గొట్టంలో ఎప్పుడైనా రక్తపు చార కనిపిస్తే బెలూన్ చిరిగిందని అర్థం, వెంటనే ఆపి తీసేయాలి.

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 5:50

అమ్మాయ్, మీ బాబాయి కొడుకు చదివింది అబద్ధం కాదు. అర్థం చేసుకోవడంలో తేడా ఉంది. నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లు వైద్య పరిశోధనలకి లెక్కలు కట్టి రిటైరయ్యాను. రాత్రంతా ఈ చర్చ చదువుతూ కూర్చున్నాను.

ఆసుపత్రి రికార్డులు తీసి, బెలూన్ వేసినవాళ్లనీ వేయనివాళ్లనీ పక్కపక్కన పెడితే వేసినవాళ్లలో మరణాలు ఎక్కువే కనిపిస్తాయి. గొడుగు పట్టుకున్నవాళ్లే ఎక్కువగా తడిశారని లెక్క తీసి, గొడుగు వల్లే తడిశారన్నట్టు ఉంటుందది. బాగా చెడిపోయిన గుండెకే బెలూన్ వేస్తారు కదా. యూరోస్కోర్ 2 అని ఆపరేషన్ ప్రమాదాన్ని అంచనా వేసే పట్టిక ఒకటుంది. ఆపరేషన్‌కి ముందు బెలూన్ ఉంటే అందులో "పరిస్థితి విషమం" అనే గడిలో పడుతుంది, ప్రమాదం అంకె పెరుగుతుంది. బెలూన్ చంపుతుందని ఆ పట్టిక అనడం లేదు. బెలూన్ అవసరమైన మనిషి ఎంత జబ్బుగా ఉన్నాడో చెబుతోంది.

ఈ చిక్కు విడిపోవాలంటే లాటరీ వేసి సగం మందికి వేసి, సగం మందికి వేయకుండా చూడాలి. అలాంటివి జరిగాయి. 1990ల చివర్లో జెనీవాలో ఒక బృందం, ప్రమాదం ఎక్కువున్న బైపాస్ రోగులకి ముందే బెలూన్ వేసి, మరణాలు బాగా తగ్గాయని చూపించింది. కానీ అన్నీ చిన్న చిన్న ట్రయల్స్. తర్వాత అన్నిటినీ కలిపి కూడితే లాభం కనిపించింది గానీ, ఆ కూడికలో ఎక్కువ భాగం ఆ ఒక్క బృందానిదే. నాలాంటివాడికి అక్కడే అనుమానం మొదలవుతుంది.

2013లో ఇటలీలో ఈఎఫ్ 35 కన్నా తక్కువుండి, నిలకడగా ఉన్న 110 మంది మీద చేశారు. లాభం లేదు. 2018లో బ్రెజిల్‌లో 181 మంది మీద చేశారు, గుండె సర్జరీకి ప్రమాదం ఎక్కువున్నవాళ్లే. 30 రోజుల్లో మరణాల్లో గానీ పెద్ద కాంప్లికేషన్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కొండగాలి · మంగళవారం, ఉదయం 7:15

మరింకేం మాస్టారూ, లాభం లేదని మీరే తేల్చేశారు. కాళ్లు పోగొట్టుకోవడానికా వేసేది?

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 7:40

ఆగండి, తేల్చలేదు. 110 మంది, 181 మంది అంటే మరణాల్లో మధ్యస్థమైన తేడా ఉన్నా పట్టుకోలేని జల్లెడలు. అదొకటి. రెండోది, ఇటలీ ట్రయల్లో ఉన్నది నిలకడగా ఉన్నవాళ్లు. వాళ్లకి "ఎందుకైనా మంచిది" అని ముందుజాగ్రత్తగా వేశారు. ఈ అమ్మాయి నాన్నగారికి పడుకున్నా నొప్పి ఆగడం లేదు. ఆయనలాంటివాళ్లని లాటరీ వేసి సగం మందిని వదిలేయడానికి డాక్టర్లకి మనసొప్పదు, కాబట్టి ఆ ట్రయల్స్‌లో ఆయనలాంటివాళ్లు తక్కువ. సమాధానం ఎవరికి ఎక్కువ అవసరమో, వాళ్ల గురించే మన దగ్గర అంకెలు తక్కువ. నా వృత్తిలో నన్ను ఎప్పుడూ వేధించిన సంగతిది.

గుండెగది · మంగళవారం, ఉదయం 8:05

మాస్టారు గారు చెప్పినదానికి వార్డు నుంచి ఒక మాట. ముందుజాగ్రత్త బెలూన్ వేరు, నొప్పి ఆపడానికి వేసే బెలూన్ వేరు, షాక్‌లో, అంటే గుండె నెట్టలేక ఒంటికి రక్తం చాలని స్థితిలో, ఉన్న మనిషికి వేసేది వేరు. పేరొకటే కావడంతో జనం మూడూ కలిపేస్తారు. నాలుగోది కూడా ఉంది. ఆపరేషన్ అయ్యాక గుండె ఆ గుండె-ఊపిరితిత్తుల మెషీన్ నుంచి విడిపడలేక మొరాయిస్తే, అప్పుడు హడావిడిగా వేసేది. మరణాలు బాగా ఎక్కువుండేది వాళ్లలోనే. "ముందే వేసుంటే బాగుండేది" అని సర్జన్లు అనుకునేదీ అక్కడే. ఆ అనుకోవడం నిజమో కాదో రుజువు చేయడం కష్టం.

వానకోయిల గారూ, బీపీ, లాక్టేట్, మూత్రం చూస్తే నాన్నగారు షాక్‌లో లేరు. కాబట్టి బుధవారం దాకా ఇంకో గుండెపోటు రాకుండా కాపు కాయడానికి అడుగుతున్నారనిపిస్తోంది. ఆ మాటే సూటిగా అడగండి: "దేనికోసం వేస్తున్నారు, ఎన్ని రోజులు, వేయకపోతే మీ ప్లాన్ ఏంటి?"

ఈఎఫ్28 · మంగళవారం, ఉదయం 10:10

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. బెలూన్ పాతదైపోయింది కదా? ఇంపెల్లా అనీ, ఎక్మో అనీ కొత్తవి వచ్చాయిగా. వాటితో ఎక్కువమంది బతుకుతారని చదివాను. అవెందుకు అడగట్లేదు?

పంపుమనిషి · మంగళవారం, ఉదయం 11:26

పాతదన్నమాట నిజమే. మనుషుల్లో మొదట వాడింది 1967లో, అమెరికాలో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ బృందం. అప్పట్లో ధమనిని కోసి పెట్టాల్సి వచ్చేది. సూదితో గుచ్చి పెట్టడం 1980 ప్రాంతంలో వచ్చాకే ఇంత విరివిగా వాడకంలోకి వచ్చింది.

ఇంపెల్లా అంటే సన్నటి గొట్టంలో చిన్న మర. మహాధమని కవాటం గుండా ఎడమ జఠరికలోకి (రక్తాన్ని ఒంటికి నెట్టే ఎడమవైపు గదిలోకి) దూరి, అక్కడి రక్తాన్ని తోడి మహాధమనిలో పోస్తుంది. బెలూన్‌లా చేయూత ఇవ్వడం కాదు, బరువే మోస్తుంది. తొడ నుంచి వేసే సీపీ రకం నిమిషానికి మూడున్నర లీటర్లకి పైగా ఇవ్వగలదు. భుజం దగ్గర ధమని నుంచి సర్జరీ చేసి పెట్టే 5.5 రకం ఇంకా ఎక్కువ ఇస్తుంది, దాంతో మనిషి లేచి నడవొచ్చు కూడా. కానీ బెలూన్ గొట్టం మందం రెండున్నర మిల్లీమీటర్లుంటే ఇంపెల్లా సీపీది దాదాపు 4.7. సన్నటి ధమనిలో ఆ తేడా ఎలా ఉంటుందో కొండగాలి గారికి చెప్పక్కర్లేదు. పైగా మర తిరుగుతుంటే రక్తకణాలు చితుకుతాయి.

ఎక్మో సిర నుంచి రక్తం తీసి, ఆక్సిజన్ కలిపి, తొడ ధమనిలోకి ఎదురు నెడుతుంది. ఒళ్లంతటినీ నిలబెడుతుంది గానీ, ఎడమ జఠరిక ఆ ఎదురు ఒత్తిడికి వ్యతిరేకంగా నెట్టాలి. అంటే అలసిన గుండెకి ఇంకాస్త బరువు. నొప్పి ఆగడానికి ఎక్మో పెట్టడం అంటే చీమని చంపడానికి రోకలి ఎత్తడమే.

లెక్కలమాస్టారు · మంగళవారం, మధ్యాహ్నం 12:48

అంకెలు నేను చెప్తాను. ఇవన్నీ గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లినవాళ్లవి.

బెలూన్: 2012లో జర్మనీలో 600 మంది ట్రయల్. 30 రోజుల్లో మరణాలు బెలూన్‌తో 39.7 శాతం, లేకుండా 41.3. తేడా లేనట్టే. ఆరేళ్ల తర్వాత చూసినా తేడా లేదు. షాక్‌లో అలవాటుగా బెలూన్ వేయడం మానండని యూరప్ మార్గదర్శకాలు అన్నది ఆ తర్వాతే.

ఎక్మో: 2023లో, 417 మంది. 30 రోజుల్లో మరణాలు ఎక్మోతో 47.8 శాతం, లేకుండా 49.0 శాతం. తేడా లేదు, రక్తస్రావం మాత్రం రెట్టింపుకి పైగా.

ఇంపెల్లా: 2024లో వచ్చిన డేంజర్ షాక్ ట్రయల్, 355 మంది. ఆ సంఖ్య చేరడానికి పదేళ్లు పట్టింది. ఆరు నెలల్లో మరణాలు 45.8 శాతం, మామూలు చికిత్సలో 58.5. ఇది అసలైన తేడా. ఎనిమిది మందికి పెడితే ఒకరు అదనంగా బతికారన్నమాట. కానీ రక్తస్రావం, కాలికి రక్తం ఆగడం లాంటి తీవ్రమైన హాని 24 శాతం మందిలో, రెండోవైపు 6.2. అంటే ఆరుగురికి పెడితే ఒకరికి అదనంగా హాని.

ఇప్పుడు అసలు మెలిక. ఈ మూడు ట్రయల్స్‌లోనూ ఎక్కువమందికి చేసింది యాంజియోప్లాస్టీ, అంటే కోయకుండా గొట్టంతో బ్లాకు తెరవడం. బైపాస్‌కి వెళ్లినవాళ్లు బహు కొద్దిమంది. ఈఎఫ్28 గారూ, ఇంపెల్లా వల్ల బతికారన్న ఫలితాన్ని, షాక్‌లో లేని, బైపాస్ కోసం ఎదురుచూస్తున్న పెద్దమనిషికి అంటగడితే, మీ చొక్కా కొలతలతో ఆయనకి కుట్టించినట్టే.

కొండగాలి · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, అంకెలన్నీ చెప్పి చివరికి తెలీదంటారు. ఇంటివాళ్లు ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

తెలీదని ఒప్పుకునే డాక్టర్ దొరికితే నేనైతే అక్కడే చేర్పిస్తాను.

వానకోయిల · మంగళవారం, సాయంత్రం 6:37

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. గుండెగది గారు చెప్పినట్టే సర్జన్‌ని అడిగాను. "దేనికోసం?" అంటే "రేపటి దాకా నొప్పి రాకుండా ఉండాలి. ముఖ్యంగా మత్తు ఇచ్చే ఆ ఐదు నిమిషాలు బీపీ పడిపోతే లెఫ్ట్ మెయిన్ ఉన్న గుండె తట్టుకోదు" అన్నారు. "వేయకపోతే?" అంటే "నొప్పి మళ్లీ వస్తే ఈ రాత్రికే, మందు ప్రభావం ఉండగానే కోయాల్సి వస్తుంది, రక్తం ఎక్కువ పోతుంది" అన్నారు. "దీనివల్ల బతికే అవకాశం పెరుగుతుందా?" అని కూడా అడిగాను. ఆయన కాసేపు ఆగి, "పెరుగుతుందని నేను రాసివ్వలేను. మీ నాన్న విషయంలో నాకు పని సులువవుతుంది" అన్నారు.

సంతకం పెట్టాను. మూడింటికి వేశారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా నొప్పి లేదు.

కొండగాలి గారూ, తొడ, కాలి ధమనులు ముందే అల్ట్రాసౌండ్‌లో చూడమని అడిగాను. చూశారు. కుడివైపు ఇరుకుగా ఉందని ఎడమవైపు నుంచి వేశారు.

కొండగాలి · మంగళవారం, సాయంత్రం 6:50

మంచి పని చేశావమ్మా.

రెండోఇన్నింగ్స్ · మంగళవారం, రాత్రి 8:15

నేను ఆ బెలూన్‌తో మూడు రోజులు పడుకున్నవాణ్ణి, తర్వాత నాలుగు గొట్టాల బైపాస్. ఆయనకి ఈ మాటలు చెప్పమ్మా. కాళ్ల దగ్గర మెషీన్ టక్, ఫుస్ అంటూనే ఉంటుంది. మొదటి రాత్రి ఆ చప్పుడుకి నిద్ర పట్టదు. రెండో రాత్రి అది ఆగితే మెలకువ వస్తుంది. ఒకసారి ఛాతీ మీది ఈసీజీ స్టిక్కర్ ఊడి అలారం మోగింది, నేను పోయాననే అనుకున్నాను. నర్సమ్మ వచ్చి స్టిక్కర్ అంటించి వెళ్లిపోయింది, అంతే.

నడుము నొప్పి మాత్రం భరించలేం. కాలు మడవకుండా మొత్తం మనిషిని దుంగలా పక్కకి తిప్పుతారు. సిగ్గుపడకుండా తిప్పమని అడగమను.

పంపుమనిషి · మంగళవారం, రాత్రి 8:40

అలారం సంగతి నిజం. మెషీన్‌కి ఎప్పుడు ఉబ్బాలో చెప్పేది ఈసీజీయే. మెషీన్ నిజంగా ఆగిపోతే మాత్రం కదలని బెలూన్ మీద రక్తం గడ్డ కడుతుంది, అరగంట దాటనివ్వం.

రేపు థియేటర్లో గుండె ఆపి మా మెషీన్ మీదికి తీసుకున్నాక బెలూన్‌ని స్టాండ్‌బైలో పెడతాం. అతుకులు అయ్యాక, గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టాక, ఆన్ చేస్తాం. బలహీనమైన గుండెని మా మెషీన్ నుంచి విడదీసేటప్పుడు అది పక్కన ఉంటే నాకు కాస్త ధైర్యం. ఇది ట్రయల్ కాదు మాస్టారూ, నా టెన్షన్ సంగతి.

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 8:52

టెన్షన్ తగ్గిందా లేదా అని కూడా కొలిచి ఉండాల్సింది.

వానకోయిల · గురువారం, ఉదయం 6:20

నిన్న పొద్దున ఏడున్నరకి తీసుకెళ్లారు, మధ్యాహ్నం రెండున్నరకి ఐసీయూకి తెచ్చారు. మూడు గొట్టాలు. మెషీన్ నుంచి తేలిగ్గానే విడిపడిందట. ప్లేట్‌లెట్లు లక్షా తొంభై వేల నుంచి లక్షకి దిగాయి, చూస్తున్నామన్నారు. ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నారు.

వానకోయిల · శుక్రవారం, రాత్రి 9:30

వెంటిలేటర్ నిన్న తీశారు. ఇవాళ బెలూన్‌ని ప్రతి చప్పుడుకీ ఒకసారి నుంచి రెండు చప్పుళ్లకి ఒకసారి, తర్వాత మూడుకి ఒకసారి చేసి, బీపీ నిలబడిందని చూసి సాయంత్రం తీసేశారు. ఒక నర్సు తొడ దగ్గర అరగంట సేపు రెండు చేతులతో నొక్కిపట్టి నిలబడింది. నాన్న ఆమెని "కూర్చోమ్మా, కాళ్లు నొప్పెడతాయి" అన్నారు.

బాబాయి కొడుకు "బెలూన్ వేయబట్టే బతికాడు" అని అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. మొన్న అన్నమాట గుర్తు చేశాను, నవ్వేశాడు.

లెక్కలమాస్టారు · శుక్రవారం, రాత్రి 9:44

సంతోషం అమ్మాయ్. వేయకపోయినా బతికేవారేమో, మనకి తెలీదు. ఆ మాట ఇవాళ ఆయనకి చెప్పకు.

కొండగాలి · శుక్రవారం, రాత్రి 9:51

కాలు వెచ్చగా ఉందా?

వానకోయిల · శుక్రవారం, రాత్రి 9:53

ఇప్పుడే పట్టుకుని చూశాను. రెండూ వెచ్చగానే ఉన్నాయి.